స్కిప్పింగా? రన్నింగా? బాక్సర్ దమ్ము వెనక 200 ఏళ్ల కథ

"10 నిమిషాలు స్కిప్పింగ్ చేస్తే 30 నిమిషాలు పరుగెత్తినట్టే." ఈ మాట ఏదో ఒక రీల్‌లో మీరు వినే ఉంటారు. బాక్సింగో, కిక్‌బాక్సింగో, ఎంఎంఏనో నేర్చుకుంటున్నవాళ్లయితే అది విని పొద్దున్నే లేచి రోడ్డెక్కడం మానేసి కూడా ఉంటారు. బాగానే ఉంది కదా, టైమ్ మిగిలింది, మోకాళ్లు మిగిలాయి! కానీ ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? అసలు బాక్సర్లు పరుగెందుకు మొదలుపెట్టారు, తాడు ఎందుకు పట్టుకున్నారు? ఇది తెలిస్తే మీకేది కావాలో మీరే తేల్చుకోవచ్చు. దానికోసం 200 ఏళ్లు వెనక్కి వెళ్దాం.

1810 డిసెంబర్, ఇంగ్లండ్. చలి, వాన. గ్లోవ్స్ లేవు, ఉత్త పిడికిళ్లే. ఒకవైపు ఇంగ్లండ్ ఛాంపియన్ టామ్ క్రిబ్. ఇంకోవైపు టామ్ మొలినో, అమెరికాలో బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, సముద్రం దాటి వచ్చినవాడని చెప్పే నల్లజాతి యోధుడు. అప్పట్లో 3 నిమిషాల రౌండ్లు ఉండేవి కావు. ఎవరో ఒకరు కిందపడితే రౌండ్ అయిపోయినట్టు. అర నిమిషంలో లేచి మళ్లీ గీత దగ్గరికి రావాలి. రాలేకపోతే ఓటమే. ఇన్ని రౌండ్లని లిమిట్ లేదు. ఆ రోజు 30కి పైగా రౌండ్లు నడిచాయి. మొలినో దాదాపు గెలిచేశాడు. మధ్యలో జనం తోసుకురావడంతో గొడవైంది, క్రిబ్‌కి ఊపిరి తీసుకునే టైమ్ దొరికింది. చివరికి క్రిబ్ గెలిచాడు. మొలినోకి అన్యాయం జరిగిందని ఈ రోజుకీ చాలామంది చరిత్రకారులు అంటారు.

రీమ్యాచ్ 1811 సెప్టెంబర్ 28న. ఈసారి క్రిబ్‌ని కెప్టెన్ బార్క్‌లే అనే ఆయన స్కాట్లండ్ తీసుకెళ్లాడు. ఎవరీ బార్క్‌లే? 1809లో 1000 గంటల్లో 1000 మైళ్లు, అంటే ప్రతి గంటకీ ఒక మైలు చొప్పున, రాత్రీ పగలూ నడిచి పందెం గెలిచిన మనిషి. అంత నడిచినవాడి చేతికి చిక్కితే ఇంకేముంటుంది? క్రిబ్‌ని కొండల మీద నడిపించాడు, పరుగెత్తించాడు, చెమటలు కక్కించాడు. 100 కిలోలు దాటి ఉన్న క్రిబ్ 85 కిలోల దగ్గరికి దిగాడు. మొలినో వెనక అలాంటి మనిషి ఎవరూ లేరు. ఫైట్ రోజు పొద్దున అతను ఒక ఉడికించిన కోడి, ఒక యాపిల్ పై తిని, పెద్ద గ్లాసు బీరు తాగాడని ఆనాటి కథనం. 11 రౌండ్లలో అయిపోయింది. దవడ విరిగింది. ఏడేళ్ల తర్వాత, 1818లో, మొలినో ఐర్లండ్‌లో చనిపోయాడు. వయసు 34.

చూడండి, రెండు ఫైట్ల మధ్య క్రిబ్ కొత్త పంచ్ ఏదీ కనిపెట్టలేదు. మారింది దమ్ము. ఆట ఎప్పుడు ముగుస్తుందో తెలియనప్పుడు ఎక్కువసేపు నిలబడేవాడిదే రాజ్యం. బాక్సింగ్‌లో "రోడ్ వర్క్" అనే మాట వెనక ఉన్న అవసరం ఇదే.

తర్వాత రూల్స్ మారాయి. 1867లో క్వీన్స్‌బెరీ రూల్స్ వచ్చాయి. గ్లోవ్స్, 3 నిమిషాల రౌండ్, 1 నిమిషం రెస్ట్, కుస్తీ పట్లు బంద్. ఈ మార్పు ప్రపంచమంతా చూసింది మాత్రం 1892 సెప్టెంబర్ 7న, న్యూ ఆర్లియన్స్‌లో. జాన్ ఎల్ సల్లివన్ అంతకు మూడేళ్ల ముందే ఉత్త చేతులతో 75 రౌండ్ల ఫైట్ గెలిచిన మొనగాడు. ఎదురుగా జిమ్ కార్బెట్, బరువులో తక్కువ, కాళ్లు మాత్రం మెరుపులు. సల్లివన్ కొట్టే చోట కార్బెట్ ఉండేవాడే కాదు. 21వ రౌండ్‌లో సల్లివన్ పడిపోయాడు.

అప్పటి నుంచి ఆట మునివేళ్ల మీదికి వచ్చింది. ఇక్కడే పిల్లల ఆట అనుకున్న తాడుకి జిమ్‌లో విలువ పెరిగింది. ఎందుకంటే అది బాక్సర్‌కి కావలసిన పనిని అచ్చంగా నేర్పుతుంది. మడమ నేలకి తగలకుండా చిన్న చిన్న గెంతులు, పిక్కల బలం, మణికట్టు, భుజం, శ్వాస అన్నీ ఒకే తాళంలో. బెల్ పెట్టుకుని 3 నిమిషాలు గెంతి 1 నిమిషం ఆగితే రౌండ్ లెక్క ఒంటికి పడుతుంది. పైగా మూల గదిలోనైనా చేసుకోవచ్చు.

అలాగని తాడు ఉంటే చాలా? సోనీ లిస్టన్‌ని చూడండి. "నైట్ ట్రెయిన్" పాట పెట్టుకుని తాడు ఆడుతుంటే జనం నోరెళ్లబెట్టి చూసేవాళ్లు. 1962, 63లో రెండు టైటిల్ ఫైట్లు మొదటి రౌండ్‌లోనే ముగించాడు. 1964లో ఎదురుగా వచ్చినవాడు మిలిటరీ బూట్లేసుకుని రోడ్ల మీద పరుగెత్తే కుర్రాడు, తర్వాత మహమ్మద్ అలీ అయినవాడు. ఆరు రౌండ్లయ్యాక లిస్టన్ స్టూల్ మీద నుంచి లేవలేదు. భుజం గాయం అన్నారు. ఈ ఫైట్ కూడా తొందరగా అయిపోతుందనుకుని గట్టిగా ప్రాక్టీస్ చేయలేదని కూడా రాశారు. తాడు వల్ల ఓడాడని నేననడం లేదు. తాడు అందంగా ఆడటం వేరు, ఏడో రౌండ్‌కి లేవడం వేరు అంటున్నానంతే.

ఇప్పుడు ఆ 10కి 30 లెక్క. అది 1968లో జాన్ బేకర్ అనే పరిశోధకుడు అమెరికా కాలేజీ కుర్రాళ్ల మీద చేసిన ఒక స్టడీ. ఒక గ్రూపు 10 నిమిషాలు స్కిప్పింగ్, ఇంకో గ్రూపు 30 నిమిషాలు జాగింగ్, 6 వారాలు. ఒక మెట్టు ఎక్కి దిగే టెస్ట్ పెడితే రెండు గ్రూపులూ దాదాపు ఒకేలా మెరుగయ్యాయి. అంతే. వాళ్లు బాక్సర్లు కారు, రింగ్ లేదు, రౌండ్లు లేవు. శక్తి ఖర్చు లెక్క చూస్తే ఇంకా తేలిపోతుంది. నిపుణులు వాడే 2011 పట్టికలో నిమిషానికి 100 నుంచి 120 గెంతుల స్కిప్పింగ్‌కి 11.8 పాయింట్లు, గంటకి 8 కిలోమీటర్ల జాగింగ్‌కి 8.3. అంటే 10 నిమిషాల స్కిప్పింగ్ దాదాపు 14 నిమిషాల జాగింగ్‌తో సమానం. ముప్పై కాదు!

మరి ఇప్పటి ఫైట్లకి ఎంత దమ్ము కావాలి? 1982 నవంబర్‌లో కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ 14వ రౌండ్‌లో పడిపోయి, కొన్ని రోజులకి చనిపోయాడు. ఆ తర్వాత టైటిల్ ఫైట్లు 15 రౌండ్ల నుంచి 12కి తగ్గుతూ వచ్చాయి. ఒలింపిక్స్‌లో అయితే 3 నిమిషాలవి మూడే రౌండ్లు, మొత్తం 9 నిమిషాలు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్ అయింది ఈ చిన్న ఫైట్లలోనే. బాక్సింగ్‌కి రాకముందు ఆమె ట్రాక్ మీద స్ప్రింటర్ అన్న సంగతి గుర్తుపెట్టుకోండి.

ఫైట్ చిన్నదైంది కాబట్టి పరుగు అక్కర్లేదా? అక్కడే పొరపాటు పడతాం. 9 నిమిషాలంటే వేగం పెరిగింది, మధ్యలో దొరికేది 1 నిమిషం. ఆ నిమిషంలో గుండె వేగం ఎంత తొందరగా దిగుతుందన్నది చాలావరకు నెలల తరబడి మెల్లగా చేసిన పరుగు మీద ఉంటుంది. థాయ్‌లాండ్ ముయే థాయ్ క్యాంపుల్లో ఈ రోజుకీ పొద్దున్నే రోడ్డు, తర్వాత తాడు. రెండూ ఉంటాయి.

కాబట్టి నా మాట ఇదీ. వారంలో మూడు రోజులు, మాట్లాడుతూ పరుగెత్తగలిగే స్పీడ్‌లో 30, 40 నిమిషాలు రోడ్డు. ప్రాక్టీస్ రోజుల్లో 3 నిమిషాల చొప్పున మూడు, నాలుగు రౌండ్లు తాడు. కొత్తవాళ్లు ఒక్క నిమిషంతో మొదలుపెట్టండి, లేకపోతే పిక్కలు, మడమ పైన నరం పట్టేస్తాయి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే రెండూ.

మొలినోకి బలం ఉంది, ధైర్యం ఉంది. పక్కన నిలబడి "లే, పద, రోడ్డెక్కు" అనే మనిషే లేడు. మీకు అలాంటి కోచ్ ఉంటే, పొద్దున ఐదింటికి ఫోన్ చేస్తే విసుక్కోకండి.