కపాలము - తీగరంపము

మేళ్లచెరువులో వడ్రంగి బరమాతో దూలాన్ని తొలిచేటప్పుడు మేము గమనించినది ఒకటి: కొన ఆవలికి దిగే వేళకు అతని చేయి నెమ్మదిస్తుంది. కపాలాన్ని తొలిచే శస్త్రవైద్యునికీ భయం అక్కడే. దూలం చెడితే మరొకటి దొరుకుతుంది.

పూర్వం ఉలితో, సుత్తితో ఎముకను చెక్కేవారు. ఆ అదురు మెదడుకు తగిలేది. ఇటలీ వైద్యుడు జిగ్లీ 1894లో కాన్పు చికిత్సకై కల్పించిన తీగరంపాన్ని 1897లో ఒబాలిన్‌స్కీ పుర్రెకు వాడినాడు. రెండు రంధ్రాల నడుమ, మెదడుపొరకు కాపుగా పలుచని రేకు దూర్చి, దానిపై తీగ నడిపి, ఎముకను లోపలినుండి వెలుపలికి కోస్తారు. పేరు రంపానికి దక్కినది గాని, మా లెక్కలో ప్రాణం కాచేది ఆ రేకే.

దక్షిణాదిన ఈ చికిత్సాశాఖను 1949లో వేలూరులో జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి ఆరంభించారు. నేటి విద్యుత్ బరమా ఎముక దాటగానే తనంతట తాను ఆగుతుంది. అడుగున మిగిలిన ఎముక పెచ్చును మాత్రం చేతి పనిముట్టుతోనే తీస్తారు.