ఎవరి కోసం ఎవరు ఆగాలి? కమాండ్ లైన్ మీద కంపైలర్, ఇంటర్‌ప్రెటర్ల నడక

కంపైలర్‌కూ ఇంటర్‌ప్రెటర్‌కూ తేడా పాఠ్యపుస్తకాల్లో రెండు నిలువు వరుసల పట్టికగా ఉంటుంది. మొదటిది ప్రోగ్రామ్ మొత్తాన్ని ముందే యంత్ర భాషలోకి మారుస్తుంది, రెండోది ఒక్కో వాక్యం చదువుతూ అప్పటికప్పుడు అమలు చేస్తుంది. పరీక్షలో మార్కులకు ఇది చాలు. కానీ ఈ రెండింటినీ మనుషులు ఎలా వాడుతూ వచ్చారో చూస్తే ఆ పట్టిక గీత అంత గట్టిది కాదని తెలుస్తుంది. దాని వెనకున్న అసలు లెక్క సమయానిది. మనిషి సమయం ఖరీదా, యంత్రం సమయం ఖరీదా? ఏ కాలంలో ఏది ఖరీదైతే, దాని కోసం రెండోది ఆగింది. ఈ బేరం ఎక్కువగా కమాండ్ లైన్ మీదే జరిగింది.

కిటికీలో ఇచ్చిన కార్డుల కట్ట

1957 ఏప్రిల్‌లో ఐబీఎం తన 704 కంప్యూటర్ల కోసం ఫోర్‌ట్రాన్ కంపైలర్‌ను విడుదల చేసింది. జాన్ బాకస్ నాయకత్వంలోని బృందం దాని మీద దాదాపు మూడేళ్లు పనిచేసింది. మనిషి చేత్తో రాసిన కోడ్‌తో యంత్రం రాసిన కోడ్ వేగంలో పోటీ పడగలదా అన్నది ఆనాటి పెద్ద అనుమానం. యంత్రం నిమిషాలను లెక్కగట్టి వాడుకునే రోజుల్లో అది సహజమే.

అప్పటి ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామర్‌కు కమాండ్ లైన్ అంటూ ఏదీ లేదు. ప్రోగ్రామ్ పంచ్ కార్డుల మీదే ఉండేది. కార్డుకు 80 గళ్లు. మొదటి 5 వాక్యం సంఖ్యకు, 6వది వెనకటి కార్డులోని వాక్యం కొనసాగుతోందని చెప్పడానికి, 7 నుంచి 72 వరకు అసలు వాక్యానికి. మిగిలిన 8 గళ్లలో కార్డు వరస సంఖ్య వేసుకునేవారు. కట్ట చేయిజారి చెల్లాచెదురైతే ఆ సంఖ్యలే దిక్కు. కంప్యూటర్ సెంటర్ కిటికీలో కట్టను ఆపరేటర్‌కు అప్పగించి, రైసుమిల్లులో ధాన్యం బస్తా దించి వంతు కోసం చూసినట్టు చూడాలి. ఫలితం అచ్చయి చేతికి రావడానికి గంటలు పట్టేది, ఒక్కోసారి మర్నాటి దాకా ఆగాల్సి వచ్చేది. యంత్రం మాత్రం ఎవరి కోసమూ ఆగేది కాదు.

పిట్స్‌బర్గ్ దగ్గర వెస్టింగ్‌హౌస్ నడిపిన బెటిస్ అణు ప్రయోగశాలకు 1957 ఏప్రిల్‌లోనే ఈ కంపైలర్ కార్డుల కట్టగా చేరింది. ఎలా నడపాలో చెప్పే కాగితం ఒక్కటీ దానితో రాలేదు. హెర్బర్ట్ బ్రైట్, ఆయన సహచరులు ధైర్యం చేసి నడిపించారు. మొదట అచ్చయి వచ్చింది లెక్క జవాబు కాదు, గో టూ వాక్యంలో ఒక కామా లేదన్న ఫిర్యాదు. కంపైలర్లు మనుషుల తప్పులు పట్టడం అలా తొలినాళ్లలోనే మొదలైంది. మన దేశంలో 1963లో ఐబీఎం 1620 వచ్చిన ఐఐటీ కాన్పూర్‌లోనూ ఫోర్‌ట్రాన్ చదువు ఇలా కార్డుల మీదే సాగింది.

టెలిటైప్ ముందు

ఇంతసేపు ఆగడం నచ్చనివాళ్లలో ఎంఐటీలోని జాన్ మెకార్తీ ఒకరు. 1958లో లిస్ప్ భాషకు రూపమిస్తూ ఆయన ఎవాల్ అనే ఫంక్షన్‌ను సిద్ధాంతం వివరించడానికి కాగితం మీద రాసుకున్నారు. స్టీవ్ రసెల్ దాన్ని చేత్తోనే 704 యంత్ర భాషలోకి మార్చేశారు. లిస్ప్‌కు ఇంటర్‌ప్రెటర్ అలా దొరికింది. 1962లో టిమ్ హార్ట్, మైక్ లెవిన్ లిస్ప్‌లోనే ఒక కంపైలర్ రాసి, దాన్ని ఆ ఇంటర్‌ప్రెటర్ మీద నడిపి, దాని చేత దాన్నే కంపైల్ చేయించారు. మొదటి నుంచీ ఈ రెండూ ఒకే ఇంటి మనుషులని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి పంచుకోవాలన్న ఆలోచన కోసమూ మెకార్తీ గట్టిగా వాదించారు. 1961 నవంబరులో ఎంఐటీలోనే ఫెర్నాండో కోర్బాతో బృందం సీటీఎస్ఎస్ వ్యవస్థను ప్రదర్శించింది. టైపు యంత్రం లాంటి టెర్మినల్ ముందు కూర్చుని కమాండ్ కొడితే, కంప్యూటర్ అక్కడికక్కడే బదులు పలికేది. దాని మీద పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాఁ రన్‌కామ్ అనే సాధనం తయారుచేశారు. పదే పదే కొట్టే కమాండ్లను ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటే అది వరసగా నడిపించేది. నేటి షెల్ స్క్రిప్టులకు మూలం అదే.

ఈ సౌకర్యాన్ని కంప్యూటర్ నిపుణులు కాని విద్యార్థులకు అందించినవారు డార్ట్‌మత్ కాలేజీ గణిత ఆచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్. 1964 మే 1 తెల్లవారుజామున 4 గంటలకు వారి బేసిక్ మొదటిసారి నడిచింది. వరస సంఖ్యలతో వాక్యాలు కొట్టి, చివర రన్ అంటే చాలు. బేసిక్ అనగానే ఇంటర్‌ప్రెటర్ అనుకుంటాం గానీ డార్ట్‌మత్ బేసిక్ నిజానికి కంపైలర్. రన్ అనగానే ప్రోగ్రామంతా కంపైల్ అయి వెంటనే నడిచేది. పని చిటికెలో అయ్యేది కాబట్టి వాడేవాళ్లకు ఆ సంగతి పట్టేది కాదు.

1975లో బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం బేసిక్ రాసినప్పుడు కథ తిరగబడింది. 4 కిలోబైట్ల మెమరీలో మూల ప్రోగ్రామ్‌కూ, దాని యంత్ర భాషా రూపానికీ కలిపి చోటెక్కడిది? అందుకే ఇంటర్‌ప్రెటర్ రాశారు. అదే భాష, అదే రన్ కమాండ్. లోపలి పద్ధతిని నిర్ణయించింది మాత్రం భాష కాదు, మెమరీ పరిమాణం. తర్వాతి ఇంటి కంప్యూటర్లు చాలావాటిలో స్విచ్ వేయగానే బేసిక్ సిద్ధంగా కనిపించేది. అక్కడ కమాండ్ లైనే ఇంటర్‌ప్రెటర్.

సీసీ: మౌనంగా పనిచేసే కమాండ్

కంపైలర్‌ను కమాండ్ లైన్ మీద స్థిరపరిచింది బెల్ ల్యాబ్స్. 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్, రిచీ 1970ల మొదట్లో రూపొందించిన సి భాష కలిసి ఎదిగాయి. 1973లో యూనిక్స్‌ను సి లోనే తిరిగి రాశారు. సి కంపైలర్‌ను పిలిచే కమాండ్ సీసీ. చూడ్డానికి ఒక్క ప్రోగ్రామే గానీ, అది నిజానికి వేరే ప్రోగ్రామ్‌ల చేత పని చేయించే మేస్త్రీ. సి0 వాక్యాలను విడగొడితే, సి1 అసెంబ్లీ కోడ్ పుట్టించేది, కావాలంటే సి2 దాన్ని చక్కదిద్దేది, ఆపైన అసెంబ్లర్, లింకర్ తమ వంతు పని చేసేవి. ఆనాటి పీడీపీ-11 కంప్యూటర్ మెమరీలో కంపైలర్ ఒక్క ముక్కగా పట్టకపోవడం వల్ల వచ్చిన ఏర్పాటు ఇది. అవసరం కొద్దీ పుట్టిన ఆ విభజన తర్వాత సుగుణమైంది. ఏ దశలో కావాలంటే ఆ దశలో ఆపవచ్చు. మైనస్ సి అంటే లింకర్ దాకా పోకుండా ఆగుతుంది, మైనస్ ఎస్ అంటే అసెంబ్లీ కోడ్ చేతికిస్తుంది.

ఏ పేరూ చెప్పకపోతే ఫలితం ఏ.అవుట్ అనే ఫైల్లోకి వెళ్తుంది. 1978లో కెర్నిగన్, రిచీ రాసిన సి పుస్తకం ద్వారా ఈ రెండడుగుల పద్ధతి ప్రపంచమంతటికీ అలవాటైంది. ముందు సీసీ, తర్వాత ఏ.అవుట్. తప్పేమీ లేకపోతే కంపైలర్ నోరెత్తదు. ఏదైనా తెర మీద పడిందంటే అది ఫిర్యాదే. దాంతోపాటు ఒక సంఖ్య కూడా వెనక్కి వస్తుంది. 0 అయితే పని సవ్యంగా జరిగినట్టు, వేరే ఏదైనా అయితే తప్పినట్టు. మనిషి పక్కన లేకపోయినా ఒక కమాండ్ గెలిచిందో ఓడిందో ఇంకో కమాండ్ తెలుసుకోగలగడం వెనక ఉన్నది ఈ చిన్న సంఖ్యే.

ప్రోగ్రామ్‌లు పెరిగి, పదుల ఫైళ్లయ్యాక కొత్త తలనొప్పి మొదలైంది. ఏ ఫైలు మారిందో గుర్తుంచుకుని దాన్నే మళ్లీ కంపైల్ చేయాలి. బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా తప్పు వెతికి, చివరికి ప్రోగ్రామ్‌లో తప్పే లేదని, సరిదిద్దిన ఫైలును కంపైల్ చేయడం మరిచానని తెలుసుకున్నారు. ఆ గోడు విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్ అనే సాధనం రాశారు. ఫైళ్ల తేదీలు చూసి, పాతబడిన వాటినే అది తిరిగి కంపైల్ చేస్తుంది. మేక్ చదివే మేక్‌ఫైల్లో కమాండ్ ముందు టాబ్ తప్పనిసరి. ఖాళీలు పెడితే కుదరదు. అది ఇబ్బందని ఫెల్డ్‌మన్‌కు త్వరలోనే తెలిసింది. అప్పటికే డజను మంది వాడుతున్నారు, వాళ్లకు అంతరాయం ఎందుకని వదిలేశారు. ఆ డజను మంది కోసం తర్వాతి తరాలన్నీ టాబ్ కొడుతూనే ఉన్నాయి.

ఇంటర్‌ప్రెటర్లకూ యూనిక్స్ మంచి చోటే ఇచ్చింది. 1977లో వచ్చిన ఆక్ అనే భాషతో ఒక్క వాక్యపు ప్రోగ్రామ్‌ను కమాండ్‌లోనే రాసేయవచ్చు. 1980లో రిచీ చేసిన మార్పు ఇంకా ముఖ్యమైనది. ఫైలు మొదట్లో #! అని రాసి, ఇంటర్‌ప్రెటర్ దారి చెబితే చాలు, ఆ ఫైలే కమాండ్ అయిపోతుంది. వాడేవాడికి అది కంపైల్ అయిన ప్రోగ్రామో కాదో తెలియాల్సిన పని లేదు. పాఠ్యపుస్తకపు గీతను ఆపరేటింగ్ సిస్టమే చెరిపేసిన సందర్భమది. 1987లో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ ఈ సదుపాయం మీదే విస్తరించింది. అదే ఏడాది రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ అనే సి కంపైలర్‌ను ఉచితంగా, మూల కోడ్‌తో సహా అందరికీ ఇచ్చారు. కంపైలర్ కొనుక్కోవాల్సిన సరుకు కాకుండా పోయింది.

నీలం తెర, అమీర్‌పేట

వ్యక్తిగత కంప్యూటర్ల లోకం వేరే దారి పట్టింది. 1983లో బోర్లండ్ సంస్థ ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ రాసిన టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకు అమ్మింది. ఎడిటర్, కంపైలర్ రెండూ ఒకే ప్రోగ్రామ్‌లో, మెమరీలోనే ఉండటం వల్ల కంపైల్ చేయడానికి కమాండ్ కొట్టే పనే లేదు. 1987లో వచ్చిన టర్బో సి, దాని తర్వాతి టర్బో సి++ మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలాయి. నీలం తెర, ఆల్ట్ ఎఫ్9తో కంపైల్, కంట్రోల్ ఎఫ్9తో రన్, ఫలితం చూడటానికి ఆల్ట్ ఎఫ్5. ఎంతోమంది తెలుగు విద్యార్థులకు సి అంటే ఇవే. అదే డబ్బాలో టీసీసీ అనే కమాండ్ లైన్ కంపైలర్ కూడా ఉందని తెలిసినవారు తక్కువ.

కమాండ్ లైన్‌ను వాళ్లకు మళ్లీ పరిచయం చేసింది జావా. 1996 జనవరిలో సన్ సంస్థ జావా సాధనాల కట్ట అయిన జేడీకేను తొలిసారి విడుదల చేసింది. జావాసీ కమాండ్ మూల ప్రోగ్రామ్‌ను బైట్‌కోడ్ అనే మధ్యస్థ రూపంలోకి మారిస్తే, జావా కమాండ్ దాన్ని నడిపిస్తుంది. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో తొలి పాఠం తరచూ భాష గురించి కాదు, ప్రోగ్రామ్‌లు ఎక్కడ దొరుకుతాయో చెప్పే పాత్, క్లాస్‌పాత్ సరిచేసుకోవడం గురించి. అది కుదరనంతకాలం జావాసీ ఎవరో తనకు తెలియదని విండోస్ చెబుతూనే ఉంటుంది.

చెరిగిన గీత

ఇంతకీ జావా కంపైల్ అయ్యే భాషా, ఇంటర్‌ప్రెట్ అయ్యే భాషా? రెండూ. ముందు బైట్‌కోడ్‌గా కంపైల్ అవుతుంది, దాన్ని వర్చువల్ మెషీన్ ఇంటర్‌ప్రెట్ చేస్తూ, ఎక్కువగా నడిచే భాగాలను అప్పటికప్పుడు యంత్ర భాషలోకి మారుస్తుంది. 2017లో జేషెల్ అనే సాధనంతో వాక్యం కొట్టి వెంటనే జవాబు చూసే వీలు వచ్చింది. 2018లో జావా 11 నుంచి ఒక్క ఫైలు ప్రోగ్రామ్‌కు జావాసీ అక్కర్లేదు. జావా కమాండ్‌కు మూల ఫైలు పేరే ఇస్తే లోపల కంపైల్ చేసి నడిపిస్తుంది.

పైథాన్ అవతలి ఒడ్డు నుంచి అదే చోటికి వచ్చింది. గీడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1989 చివర్లో మొదలుపెట్టి 1991లో విడుదల చేసిన ఈ భాష ముఖం >>> అనే మూడు గుర్తులు. వాటి పక్కన వాక్యం కొడితే జవాబు వస్తుంది. కానీ పైథాన్ కూడా లోపల బైట్‌కోడ్ తయారుచేసుకుంటుంది. ప్రోగ్రామ్ వాడుకునే మాడ్యూళ్ల బైట్‌కోడ్‌ను డిస్కు మీద దాచి, మర్నాడు మళ్లీ ఆ పని చేయకుండా చూసుకుంటుంది. 2024 నాటి 3.13లో ప్రయోగాత్మకంగా యంత్ర భాషలోకి మార్చే ఏర్పాటూ చేరింది. కంపైలర్లు సంభాషణ నేర్చుకుంటుంటే, ఇంటర్‌ప్రెటర్లు ముందుచూపు నేర్చుకుంటున్నాయి.

తప్పు చెప్పే తీరు కూడా మారింది. 2007లో బయటికొచ్చిన క్లాంగ్ కంపైలర్ తప్పున్న వాక్యాన్ని చూపి, సరిగ్గా ఏ అక్షరం దగ్గరో కింద బాణం గుర్తు పెట్టింది. 2013లో జీసీసీ కూడా అదే దారి పట్టింది. రస్ట్ భాష కంపైలర్ సరిచేసే మార్గం కూడా తరచూ సూచిస్తుంది. మనకు మాత్రం ఇక్కడ ఒక చిక్కుంది. 2008 నాటి పైథాన్ 3 నుంచి వేరియబుళ్లకు తెలుగు పేర్లు పెట్టవచ్చు. ఇంటర్‌ప్రెటర్ ఒప్పుకుంటుంది. టైపు యంత్రం లాంటి టెలిటైప్‌కు వారసుడైన టెర్మినల్ మాత్రం గడికో అక్షరం చొప్పున లెక్కవేస్తుంది కాబట్టి, ఒత్తులూ గుణింతాలూ చాలాసార్లు దాని గళ్లలో ఒదగవు.

సమయం బేరం కూడా పూర్తిగా తేలలేదు. రస్ట్ కంపైలర్ ముందే కఠినంగా తనిఖీ చేస్తుంది, దానికి సమయం పడుతుంది. అందుకే 2017లో కార్గో చెక్ అనే కమాండ్ వచ్చింది. అది యంత్ర కోడ్ పుట్టించదు, తప్పులుంటే చెప్పి ఊరుకుంటుంది. మనిషి ఆగే కొన్ని క్షణాలను తగ్గించడానికే ఒక కమాండ్‌ను కేటాయించారంటే ఇప్పుడు ఖరీదైనది ఎవరి సమయమో వేరే చెప్పక్కర్లేదు.

నేటి ఎడిటర్లలో రన్ బొత్తాం నొక్కినా వెనక నడిచేది ఇలాంటి కమాండ్లే. జీసీసీకి మైనస్ వి తగిలిస్తే అది పిలిచే ప్రతి ప్రోగ్రామూ వరసగా తెర మీదికి వస్తుంది. బొత్తాం ఒక యంత్రానికీ ఒక ఎడిటర్‌కూ పరిమితం. రాసి ఉంచిన కమాండ్‌ను మాత్రం సహోద్యోగికి పంపవచ్చు, ఫైల్లో దాచవచ్చు, తెరే లేని సర్వర్ మీద రాత్రి ఎవరూ లేని వేళ నడిపించి, వెనక్కి వచ్చిన సంఖ్య 0 అవునో కాదో చూసుకోవచ్చు. నేటి సాఫ్ట్‌వేర్ సంస్థల్లో చాలా ప్రోగ్రామ్‌లు తయారవుతున్నది ఇలాగే. బొత్తాంతో చదువు మొదలుపెట్టడంలో తప్పు లేదు. ఉద్యోగంలో చేరాక మాత్రం దాని వెనక నడిచే కమాండ్ తెలిసినవారికే పని సాగుతుంది.