చక్రములమీది యిల్లు



ఈనాడు నేను ముచ్చటింపబోవు విషయము వినగానే మీలో కొందఱు నవ్వవచ్చును. పడమటి దేశములలో కొందఱు గృహస్థులు, పాతబడి మూలబడిన మోటారు ఇండ్లను, అనగా లోపల పడక, పొయ్యి, నీళ్లతొట్టి, బల్ల మున్నగునవి అమర్చిన పెద్ద మోటారు బండ్లను వెదకి కొందురు. సంవత్సరముల తరబడి వానిని బాగుచేసికొని, ఆలుబిడ్డలతో వానిలోనే దేశమంతయు తిరుగుదురు. ఇది వారికి బ్రతుకుతెఱువు కాదు, వేడుక. గరిడేపల్లి, హుజూర్‌నగరు, కోదాడ, మిర్యాలగూడ దిక్కుల సాగరు కాలువ క్రింద వరి పండించుకొను మనకు దీనితో ఏమి పనియని మీరడుగవచ్చును. పని కలదని చెప్పుటకే నేను పూనుకొన్నాను.

మొదట మాట సంగతి. కార్వాన్ అనునది పారసీక పదము. ఎడారులలో ఒంటెలతో గుంపుగూడి పోవు వర్తకుల సమూహమునకు అది పేరు. హైదరాబాదులో గోలకొండకు చేరువనున్న కార్వాన్ పేటకు ఆ పేరు బాటసారులైన వర్తకులవలననే కలిగినది. ఆ మాటయే ఐరోపాకు పోయి, ఇంగ్లీషువారి నోట చక్రములమీది యింటికి పేరై, తిరిగి మన దేశమునకు వచ్చినది. నేడు తెలుగు పిల్లవానిని కారవాన్ అనగా నేమని యడిగినచో, సినిమా నటులు షూటింగుల నడుమ విశ్రమించు చల్లని బండి యని చెప్పును. గోలకొండకును మచిలీపట్టణమునకును నడుమ సరకులు నడచిన పాతబాట మన ప్రాంతము దాటియే పోయెనని వానికెవరును చెప్పియుండరు.

ఇల్లు వెంట గొనిపోవు జనులు మనకు క్రొత్త కాదు. మన చుట్టుపట్ల తండాలలో నేడు స్థిరపడియున్న లంబాడీల పూర్వులు ఎద్దులమీద ఉప్పును ధాన్యమును మోయించుకొని, ఊరినే వెంట నడిపించుకొని తిరిగినవారు. రాజస్థానమునుండి బయలుదేరిన గాడియా లోహారులను కమ్మరులకు బండియే యిల్లు. 1568లో చిత్తూరుగఢము అక్బరు వశమైనప్పుడు, కోట మరల తమదగువఱకు కప్పు క్రింద పండుకొనమని తమ పెద్దలు ఒట్టుపెట్టుకొనిరని వారు చెప్పుకొందురు. 1955 ఏప్రిలులో నెహ్రూ పండితుడు వారిని వెంటబెట్టుకొని ఆ కోటలో ప్రవేశించి ఆ ఒట్టు తీర్పించెను. అయినను వారిలో ననేకులు బండి విడువలేదు. వేడుకకు తిరుగువాడు వేఱు, గతిలేక తిరుగువాడు వేఱు. ఈ భేదమును మఱచి చక్రములమీది బ్రతుకును కేవలము సొగసుగా వర్ణించువారి మాటలు నాకు రుచింపవు.

గృహస్థులకు మాత్రము మనలో నొక నడిమి మార్గముండెను. అదియే గూడుబండి. మన తెలంగాణమున కచ్చురమనియు అందురు. మట్టపల్లి నరసింహస్వామి తిరునాళ్లకు గాని, జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు గాని, సూర్యాపేట దాపున దురాజుపల్లిలో రెండేండ్ల కొకమాఱు జరుగు పెద్దగట్టు లింగమంతుల జాతరకు గాని పోవలెనన్నచో కచ్చురము కట్టెడివారు. వెదురుబద్దలు వంచి, తడిక కప్పి, లోపల వరిగడ్డి పఱచి, దానిమీద బొంత వేసినచో అది పడకగది. బండి క్రింద ఇరుసుకు వ్రేలాడగట్టిన కుండ నీళ్లకొట్టు. ఎద్దులను విప్పి కాడి దింపి, మూడు రాళ్లు పెట్టినచోటు వంటయిల్లు. ముసలివారును పసిపిల్లలును లోపల, మగవారు బండి క్రింద పండుకొనెడివారు. పడమటివారి మోటారు ఇంటిలో నున్నదంతయు దీనిలో నున్నది. లేనిది ఇంజను ఒక్కటియే.

ఈ బండిలో బుద్ధిబలమంతయు చక్రములో నున్నది. నడుమ తుమ్మకఱ్ఱ కుండ. దానిలో దిగగొట్టిన ఆకులు సామాన్యముగా 12. వానిపై వలయముగా చేరిన పూటీలు 6, ఒక్కొక్క పూటీకి రెండేసి ఆకులు. వీనికి మేకు లేదు, జిగురు లేదు. అన్నిటిని బిగించి పట్టునది పైనున్న ఇనుప పట్టా. ఆ పట్టాను కమ్మరి చక్రము చుట్టుకొలతకన్న కొంచెము పొట్టిగా చేయును. పిడకలు కట్టెలు పేర్చి దానిని ఎఱ్ఱగా కాల్చినచో ఇనుము సాగును. సాగిన పట్టాను నలుగురు పట్టుకారులతో ఎత్తి చక్రమునకు తొడిగి, సమ్మెటలతో దింపి, కఱ్ఱ అంటుకొనకముందే కడవలతో నీళ్లు గ్రుమ్మరింతురు. చల్లారిన పట్టా ముడుచుకొని పూటీలను ఆకులమీదికి, ఆకులను కుండలోనికి నొక్కివేయును. ఆ క్షణమున కీళ్లన్నియు కిఱ్ఱుమని బిగియు శబ్దము విన్నవారు మఱువరు. వడ్రంగి తప్పినను కమ్మరి తప్పినను చక్రము నిలువదు. రెండు చేతులును ఒకే ఊరిలో నుండవలెను.

ఇక సముద్రమునకు ఆవలి సంగతి క్లుప్తముగా చెప్పెదను. వేడుకకై చక్రముల యింటిలో తిరుగుటను పెద్దయెత్తున ప్రచారము చేసినవాడు స్కాట్లండు దేశీయుడగు గోర్డన్ స్టేబుల్సు. నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి విరమించి, బాలురకు కథలు వ్రాయుచుండెను. 1885లో బ్రిస్టలు నగరపు బండ్ల కార్ఖానాలో ఒక ఇంటిబండి చేయించి, దానికి వాండరర్ అని పేరుపెట్టి, రెండు గుఱ్ఱములు కట్టి, దక్షిణ ఇంగ్లండునుండి స్కాట్లండువఱకు పోయెను. 1907లో ఇంగ్లండున ఇట్టి బండ్లవారు సంఘమేర్పఱచుకొనునాటికిని వారి బండ్లను లాగుచుండినవి గుఱ్ఱములే. 1910లో అమెరికాలో పియర్స్ ఆరో కంపెనీ వెనుకసీటు విప్పినచో పడకయగు మోటారును చేసెను. 1919లో బర్మింగ్‌హామున ఎకిల్సు కంపెనీ మోటారు వెనుక తగిలించు ఇండ్లను చేయ మొదలిడెను. 1951నుండి జర్మనీలో ఫోక్స్‌వాగన్ వ్యానులో పడకయు బీరువాయు అమర్చు వెస్ట్‌ఫాలియా వారి పద్ధతి వచ్చినపిమ్మట, ఈ వేడుక ధనికుల చేతినుండి నడితరగతి కుటుంబముల చేతికి వచ్చినది.

ఆ పాతబండ్లే నేడు వెలగలవి. వానిని బాగుచేయువారి పని రోగిని పరీక్షించు వైద్యుని పనివంటిది. పైకి రంగు మెఱయుచుండును. రోగము లోపల నుండును. పాత ఇంటిబండ్లలో ననేకములకు ఎముకలగూడు కఱ్ఱది, చర్మము అల్యూమినియము రేకుది. పైకప్పు అతుకులోనుండియో కిటికీ అంచునుండియో చుక్క చుక్కగా నీరు దిగి, రేకుకును కఱ్ఱకును నడుమ చేరి, కఱ్ఱను నానబెట్టి పొడిచేయును. బొటనవ్రేలితో అదిమినచో గోడ మెత్తగా లోనికి పోవును. కనుక తెలిసినవాడు మొదట రంగు వేయడు. నీరెటనుండి వచ్చుచున్నదో వెదకును. తరువాత రేకులు విప్పి, ఒక్కొక్కదానికి గుర్తు వ్రాసి, కుళ్లిన కఱ్ఱను అచ్చుగా పెట్టుకొని అదే కొలతకు క్రొత్త కఱ్ఱ కోసి పొదుగును. ఇనుపబండి యైనచో కుళ్లుకు బదులు త్రుప్పు. అది తలుపుల క్రిందిదూలములలోను, చక్రముల గూళ్లలోను, నేలపలకలోను దాగియుండును. అచ్చట మైనము పూసి రంగు కొట్టి అమ్మువారును కలరు. అట్టివాని చేత చిక్కినవాడు బండి లేపినపుడు చక్రము ఒకచోట, నేల ఒకచోట నుండుట చూడవలసివచ్చును. ఇంజను పని దీనికన్న సులువు. విడిభాగములు దొరకునంతకాలము ఇంజనును బ్రతికింపవచ్చును. దొరకనపుడు లేతుమీద చేయింపవలయును. అప్పుడు మరల పనివాని చేయియే శరణ్యము.

మన వైపున ఇట్టి పని జరుగలేదా? నిజాము ప్రభుత్వపు రైల్వేవారు 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఆ బస్సులు స్కాట్లండున తయారైన ఆల్బియన్ బండ్లు. వానిలో నొకటి భద్రపఱుపబడి హైదరాబాదులో ఆర్టీసీవారి చెంత ప్రదర్శనకు నిలిచినది. ఆఱవ నిజాము చెప్పి చేయించిన పచ్చని రోల్సు రాయిసు కారు, సింహాసనమువంటి ఆసనముతో, చౌమహల్లా ప్యాలెస్‌లో నున్నది. ఆయన 1911లో గతించెను; బండి తరువాతనే వచ్చినది. రాజుల బండ్లు నిలుచుటలో వింత లేదు. వాని నిలుపుటకు తగిన ధనమును గోడలును ఉండును.

కాని తెలుగునాట మోటారు ఇల్లు అని నిజముగా చెప్పదగినది వేఱొకటి కలదు. 1982 మార్చి 29న పార్టీ స్థాపించిన నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యాను నొకదానిని మార్పించి, పైకెక్కి ఉపన్యసించుటకు వేదికయు, లోపల విశ్రమించుటకు చోటును ఏర్పఱచి, చైతన్యరథమని పేరుపెట్టి, అందులో రాష్ట్రమంతయు తిరిగిరి. నెలల తరబడి ఆయన తిండియు నిద్రయు దానియందే, స్నానము దారిప్రక్కన. తోలినవారు కుమారుడు హరికృష్ణగారు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. రాజకీయములో మీరెటువైపువారైనను సరే, ఈ మాట వినుచున్న పెద్దలలో ఆ బండిని కన్నులార చూచినవారు ఉందురు. చరిత్ర చదువువాడు గమనింపవలసినది మఱొకటి. ఎన్నికలు ముగిసినంతనే ఆ బండిని పాతయినుముగా అమ్మివేయలేదు. దానిని దాచిరి. అందువలననే దానిని గూర్చి మాటలాడుటకు నేడు ఆధారము మిగిలినది. దానిని తోలిన హరికృష్ణగారు 2018 ఆగస్టు 29న మన నల్లగొండ జిల్లాలోనే, అన్నెపర్తి వద్ద, తానే కారు నడుపుచు రోడ్డు ప్రమాదమున మరణించిరి.

ఇప్పుడొక చిక్కు వచ్చుచున్నది. కేంద్ర ప్రభుత్వమువారు 2021 జూలైలో పాతబండ్లకు ప్రత్యేక నియమములు చేసిరి. మొదట రిజిస్టరైన నాటినుండి 50 సంవత్సరములు దాటిన రెండు చక్రముల, నాలుగు చక్రముల స్వంతబండ్లకు వి.ఏ. అక్షరములతో వేఱు నంబరు ఇత్తురు. క్రొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, మరల చేయించుకొనుటకు 5,000 రూపాయలు. దినదినపు వాడుకకు గాని బాడుగకు గాని తిప్పరాదు. ఇదంతయు బాగుగనే యున్నది. కాని బండి మొదటి రూపములోనే యుండవలెననియు, చట్రము, పైకట్టు, ఇంజను వీనిలో పెద్ద మార్పు జరిగియుండరాదనియు అందులో నొక నిబంధన. కారుకు ఇది న్యాయమే. ఇంటిబండి సంగతి వేఱు. ఒక వ్యానును ఒకరు ఇల్లుగా మార్చుటచేతనే అది ఇల్లైనది. ఆ మార్పును తీసివేసినచో మిగులునది ఒట్టి వ్యాను. చైతన్యరథమును మొదటి రూపమునకు తెచ్చినచో అది చైతన్యరథము కాదు. ఇంటికి మొదటి రూపమేది? తాత కట్టినదా, తండ్రి పెంచినదా, కొడుకు సున్నము కొట్టినదా? నా మట్టుకు నాకు తోచునదేమనగా, చక్రములమీది యింటికి అందులో బ్రతికినవారు బ్రతికిననాటి రూపమే మొదటి రూపము. అధికారులు దీని నింకను విచారింపవలసియున్నది.

గూడుబండికి ఆ చిక్కు లేదు. దానికి నియమమే లేదు. అందుచేతనే అది వేగముగా పోవుచున్నది. ట్రాక్టరు వచ్చిన పిమ్మట కచ్చురము కొట్టములో చేరినది. గూడు చెదలపాలైనది. చక్రములను పెద్దరోడ్డుమీది హోటళ్లవారు ముంగిట నిలువబెట్టి రంగులు పూయుటకు కొనుచున్నారు. చక్రము ఒకచోటను ఇరుసు ఒకచోటను పోయిన బండిని ఏ పనివాడును మరల కూర్పలేడు. మా కొట్టములో నొక కచ్చురమున్నది. మా యింటివారు మట్టపల్లికి పోయివచ్చినది అందులోనే. దానిని కొనెదమని ఇద్దఱు వచ్చి అడిగిరి. చక్రములు మాత్రమే కావలెననిరి. నేనియ్యలేదు.

మీ కొట్టములలోను ఇట్టిది ఉన్నయెడల, పడమటివారి పద్ధతి మనకు పనికివచ్చును. మొదట రంగు జోలికి పోవలదు. ఇరుసు క్రింద రాళ్లు పేర్చి చక్రములు నేల విడుచునట్లు లేపుడు. చెదలును తేమయు నేలనుండియే ఎక్కును. పైకప్పు కాఱునేమో చూడుడు. ఎండ నేరుగా పడినచో కఱ్ఱ ముడుచుకొని పట్టా వదులగును. మన పెద్దలు ఎండకాలమున చక్రములను చెఱువునీటిలో నానవేయుచుండినది ఇందులకే. కాని అది నడచు బండికి రెండు నాళ్ల ఉపాయము. నిలిచిన బండికి కీడు. పూటీలు విప్పవలసివచ్చినచో ఒక్కొక్కదానిమీద ఉలితో గీతలు పెట్టి వరుస గుర్తుంచుకొనుడు. ఒకచోటి పూటీ మఱొకచోట కుదురదు, ఒక్కొక్కటి తన ఆకులకు సరిగా చెక్కబడియుండును. కుండ చుట్టుకొలత, ఆకు పొడవు, పట్టా వెడల్పు ఒక కాగితముమీద వ్రాసి యింటిలో నుంచుడు. కఱ్ఱకు అవిసెనూనె పట్టింపుడు.

పట్టా ఎక్కించుట తెలిసిన వృద్ధ కమ్మరి నొకనిని నేను వెదకి పట్టితిని. చేతిలో మునుపటి బలము లేదు, సమ్మెట పడుచువారే కొట్టవలెనని యతడనెను. యాసంగి కోతలు ముగిసి, వానలు పడకముందు, పిడకలు పొడిగా నున్న దినములలో మా కచ్చురము రెండు చక్రములకును పట్టాలు తీసి మరల ఎక్కింప నిశ్చయించితిమి. పట్టుకారు పట్టుటకు నలుగురు, నీళ్లు పోయుటకు నలుగురు కావలెను. మీ ఊరి పడుచువారి నిద్దఱిని వెంటబెట్టుకొని రండు.