మార్కు కలము నిలిచిన చోటు

మీ బైబిలు తెరచి మార్కు సువార్త 16వ అధ్యాయము 8వ వచనము చూడుడి. ముగ్గురు స్త్రీలు సమాధియొద్దనుండి వణకుచు పారిపోవుచున్నారు. భయముచేత వారు ఎవరితోను ఏమియు చెప్పలేదు. నాలుగవ శతాబ్దమున తోలు పత్రములమీద వ్రాయబడిన వాటికను ప్రతిలోను సీనాయి ప్రతిలోను ఈ సువార్త అక్కడనే ఆగిపోవుచున్నది. తరువాతి 12 వచనములు వాటిలో లేవు. మరియొకరు వాటిని చేర్చిరని పండితులలో అనేకుల తలంపు. అయినను అవి నిన్న మొన్నటివి కావు. సుమారు 180లోనే ఐరేనియస్ వాటిలోని మాటను ఎత్తి చూపెను.

ఈ సంగతి వినగానే కొందరికి దిగులు కలుగును. నాకును మొదట కలిగెను. కాని మార్కు తీరు ఎరిగినవారికి ఆ ముగింపు అంత వింతగా తోచదు.

ఇతడు యేసు జన్మవృత్తాంతము చెప్పడు. యొర్దాను ఒడ్డున మొదలుపెట్టి, “వెంటనే” అను అర్థమిచ్చు గ్రీకు మాటను సుమారు 40 మారులు వాడుచు పరుగెత్తును. దయ్యములు యేసును గుర్తించి కేకలు వేయగా ఆయన వాటిని మాటాడనియ్యలేదు. ఎవరితోను చెప్పవద్దని ఆజ్ఞ పొందిన కుష్ఠరోగి ఊరెల్ల చాటెను. చెప్పుమనిన స్త్రీలో, నోరు మెదపలేదు! కూడ తిరిగిన శిష్యులు రొట్టెల సంగతియైనను గ్రహింపలేదు. ఈ సువార్తలో యేసును దేవుని కుమారుడని ఒప్పుకొనిన మొదటి మనుష్యుడెవరు? అద్భుతములు చూచినవాడు కాడు. సిలువయెదుట నిలిచి, ఆయన ప్రాణము విడుచుట చూచిన రోమా శతాధిపతి. శ్రమపడిన క్రీస్తును చూడనివాడు ఆయన యెవరో ఎరుగడనునదే మార్కు బోధకు ప్రాణము.

64లో రోమా పట్టణము తగులబడిన పిమ్మట నీరో చక్రవర్తి అక్కడి క్రైస్తవులను ఘోరముగా చంపించెను. ఈ సువార్త 70 ప్రాంతమున వ్రాయబడెనని అనేకులందురు. రోమాలోనే వ్రాయబడెనని ప్రాచీన సంప్రదాయము. అట్లయినచో దానిని మొదట విన్నవారిలో, భయపడి ప్రభువును ఎరుగమనినవారును ఉండియుందురు.

మార్కు పేతురునకు దుబాసిగా నుండి అతని బోధను వ్రాసెనని, రెండవ శతాబ్దారంభమున హియెరాపొలి అధ్యక్షుడైన పాపియ తెలిపెను. ఇప్పుడు 7వ వచనము మరల చూడుడి. సమాధిలోని పడుచువాడు శిష్యులకు చెప్పుడని ఊరకుండలేదు, పేతురును పేరుపెట్టి పిలిచెను. మత్తయి ఇదే సంగతి వ్రాయుచు ఆ పేరు విడిచెను. ముమ్మారు ఎరుగననిన మనుష్యునికి, ప్రభువు మీకంటె ముందుగా గలిలయకు వెళ్లుచున్నాడని వర్తమానము.