గాలిని కట్టేసిన గోడ

గంగవరం, పుంగనూరు, కుప్పం పల్లెల్లో, చిత్తూరు సీమ పడమటి మండలాలన్నిటా, వాన మొహం చాటేసినా ఇల్లు గడిపేది పాడి. పితికిన పాలు ఆవు ఒంటి వేడితోనే ఉంటాయి. వెంటనే 4 డిగ్రీలకు దించకపోతే సూక్ష్మజీవులు పెరిగి విరిగిపోతాయి. దించేది బల్క్ కూలర్ యంత్రమే. కానీ కరెంటు పోయాక ఆ చలిని కాపాడేది దాని ట్యాంకు రెండు స్టీలు రేకుల నడుమ నింపిన పాలియురెథేన్ నురుగు. ఆ నురుగులో ఘనపదార్థం బహు స్వల్పం, మిగతాదంతా వాయువే. కదలని వాయువు వేడిని సులువుగా దాటనివ్వదు. కాబట్టి దీన్ని ప్లాస్టిక్ ఘనతగా చెప్పడం పొరపాటు. ఘనత వాయువును కదలకుండా కట్టేసిన గదులది.

ఆ సంగతి మనవాళ్లకు కొత్త కాదు. గాలానికి కట్టే బెండు తేలేది అందుకే. దొరల సోలా టోపీ ఎండను ఆపింది జీలుగు జాతి బెండుతోనే. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో బెరడు బెండును చూసి, ఆ గదులకు 'సెల్' అని పేరు పెట్టాడు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలియురెథేన్ రసాయనాన్ని కనిపెట్టింది. ఆ దారిలోనే అలాంటి గదులు ఫ్యాక్టరీలో పుట్టాయి. పరుపు స్పాంజిలో గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి గనుక నీళ్లు పీల్చేస్తుంది. థర్మాకోల్ ముక్కను విరిచి చూడండి: గింజలు విడివిడిగా రాలతాయి, ఒక్కో గింజలోనూ మూసిన గదులే. చేపల పెట్టెలో మంచు నిలిచేది, టీకాల పెట్టె 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండేది ఈ మూసిన గదుల వల్లే.

మట్టిలో కలవని సరుకును మెచ్చుకోవడమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అంతేకాదు, నురుగును పొంగించిన సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీశాయి. 1987 మాంట్రియల్ ఒప్పందం వాటికి కళ్లెం వేసింది. తర్వాత వచ్చిన హెచ్‌సీఎఫ్‌సీ-141బిని మన దేశం 2020 జనవరి 1 నాటికి ఆపేసింది. అంటే ఓజోన్ విషయంలో తప్పు పొంగించే వాయువుది, దాన్ని మార్చుకోగలిగాం. పోనీ బెండుకే తిరిగి వెళ్దామా? పాల ట్యాంకుకు కుదరదు, తడి తగిలితే కుళ్లుతుంది. ఏళ్ల తరబడి పాల చలిని కాపాడే నురుగునూ, ఒక్కపూట మండపానికి అతికించి కాలువలో పడేసే థర్మాకోల్‌నూ ఒకే గాటన కట్టలేం. ఆ ఒక్కపూట అలంకరణకు బెండు చాలు. అలంకరణ థర్మాకోల్‌పై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది.