నతవాడిలో దర్శనాల జాడ: శాసనాలు ఎంతవరకు చెబుతాయి?

నతవాడి అంటే పాత నందిగామ, మధిర తాలూకాల ప్రాంతం. అందులోని జగ్గయ్యపేట ధనబోడు స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బుద్ధుడి బొమ్మ ఉన్న పలక ఒకటి బయటపడింది. దాన్ని నిలిపినవాడు చంద్రప్రభుడు. అతని గురువు జయప్రభాచార్యుడు, ఆయన గురువు నాగార్జునాచార్యుడు అని పలక మీద ఉంది. లిపిని బట్టి అది సుమారు ఆరో, ఏడో శతాబ్దిది. మాధ్యమిక నాగార్జునుణ్ని రెండో శతాబ్దివాడిగా లెక్కిస్తారు. రెండు తరాల శిష్యులతో నాలుగు వందల ఏళ్లు పూడవు కాబట్టి ఈయన అదే పేరున్న మరో ఆచార్యుడు కావచ్చు, లేదా గురుపరంపర గొప్పతనం కోసం చెప్పుకున్న మాట కావచ్చు. పేరు దొరికినంత మాత్రాన సిద్ధాంతం దొరికినట్టు కాదు.

మధ్యయుగాల హిందూ దర్శనాల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. కృష్ణ ఒడ్డున వేదాద్రిలో యోగానంద నరసింహుడు, అదే ఒడ్డున ముక్త్యాలలో ముక్తేశ్వరుడు ఉన్నారు. వీరిని చూపి ఇక్కడ విశిష్టాద్వైతం, అక్కడ శైవసిద్ధాంతం అని గీత గీసేయడం తొందరపాటు. గుడి ఆరాధనకు సాక్ష్యమే కాని, అక్కడ ఏ భాష్యం చదివారో చెప్పదు.

బెజవాడ శ్రీపతి పండితుడి సంగతి ఇంకో చిక్కు. ఆయన నిప్పులను ఉత్తరీయంలో మూటగట్టి జమ్మిచెట్టుకు వేలాడదీశాడని కథ. బ్రహ్మసూత్రాలకు వీరశైవపరంగా రాసిన శ్రీకరభాష్యం ఆయనదే అంటారు. కానీ దాన్ని ప్రచురించిన హయవదనరావు భాష్యాన్ని 1400 ప్రాంతానికి చేర్చారు. శైవ పండితత్రయంలోని శ్రీపతి పన్నెండో శతాబ్దికి ఇవతలివాడు కాడు. ఇద్దరూ ఒకరేనని అనుకుని చరిత్ర కట్టడం నాకు సమ్మతం కాదు.

గట్టి ఆధారం కృష్ణకు అవతల, దిగువన ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనంలో రుద్రమదేవి శైవ గోళకీమఠాచార్యుడు విశ్వేశ్వర శంభువుకు మందడం, వెలగపూడి గ్రామాలను ధారపోసింది. ఆయన గణపతిదేవుడి దీక్షాగురువు. ఆ దానంతో వేదాలకు ముగ్గురు, వ్యాకరణ, మీమాంస, తర్క, సాహిత్య, ఆగమాలకు అయిదుగురు అధ్యాపకులు, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అన్నం. ఎవరికి ఎంత భూమో కూడా రాసిపెట్టారు. ఇది పొగడ్త కాదు, ఖర్చుల చిట్టా. అందుకే నమ్మబుద్ధేస్తుంది.

 అప్పట్లో నతవాడి పాలకుడు రుద్రుడు గణపతిదేవుడి చెల్లెలు మైలాంబను పెళ్లాడాడు. ఈ వియ్యం దారిన రాజగురువు పలుకుబడి ఏరు దాటి ఉండవచ్చు. అయితే శైవసిద్ధాంతం ఈ మెట్టలో వేళ్లూనిందని రాయాలంటే మల్కాపురం శాసనం లాంటి చిట్టా ఈ ఒడ్డున కూడా చూపాలి.