కువైట్ సామాన్, కస్టమ్స్ తరాజు

వాన కోసం ఆకాశం వైపు చూసే సీమ మనది. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఎవరో ఒకరు పరదేశ్ పోవాల్సిందే. కదిరి నుంచి, పక్కనున్న రాయచోటి, కడప నుంచి మన వాళ్లు అలాగే కువైట్, సౌదీ వెళ్లారు. మగవాళ్లు డ్రైవర్లుగా వెళ్తే, మన అమ్మీలు, ఖాలాలు ఇళ్లల్లో పనికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు వాళ్లు ఏం తెచ్చుకోవచ్చు, ఎంత తెచ్చుకోవచ్చు అని హుకూమత్ రాసిపెట్టిన కానూన్‌కూ ఒక తారీఖ్ ఉంది.

సరిహద్దు దగ్గర మూట విప్పించడం కొత్త రివాజు కాదు. 1800లో నిజాం మన జిల్లాలను కుంపిణీకి అప్పగించాక, హైదరాబాద్ మనకు పరాయి రాజ్యమైంది. అక్కడి సుంకాల మహకమా పేరు కరోడ్‌గిరీ. ఇప్పటి కస్టమ్స్‌కు ఆధారం 1962 నాటి చట్టం. ప్రయాణికుడి సొంత సామాన్‌కు సుంకం మినహాయింపు ఇవ్వొచ్చని దాని 79వ సెక్షన్ చెబుతుంది. ఆ మినహాయింపు ఎంతవరకన్నది బ్యాగేజీ రూల్స్ తేలుస్తాయి.

1998 రూల్స్‌లో జేవర్ లెక్క చూడండి. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చిన మగవాడు 10,000 రూపాయల నగలు, ఆడమనిషి 20,000 రూపాయల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అప్పట్లో పది గ్రాముల బంగారం దాదాపు 4,000 రూపాయలు. అంటే ఆడవాళ్లకు 50 గ్రాములు, నాలుగు తులాల పైమాట. బిడ్డ నికాహ్‌కు ఒక గొలుసు, రెండు గాజులు వచ్చేవి.

బంగారం పెరిగింది, హద్దు మాత్రం కదల్లేదు. 2012లో పది గ్రాములు 31,000 రూపాయల చుట్టూ ఉంది. అదే 20,000కు ఆరున్నర గ్రాములు కూడా రావు. ఇళ్లు తుడిచి, పరాయి పిల్లలను పెంచి కొనుక్కున్న ఒక్క గొలుసుకే సుంకం కట్టాల్సిన పరిస్థితి. రూపాయల్లో రాసిన హద్దు ఏటా చిక్కిపోతుందని హిసాబ్ తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. అయినా 2013 దాకా దాన్ని మార్చలేదు. అప్పుడు మగవాళ్లకు 50,000, ఆడవాళ్లకు లక్ష చేశారు. 2016 రూల్స్‌లో 20 గ్రాములు, 40 గ్రాములు అని తూకం కూడా చేర్చారు, కానీ రూపాయల హద్దును తీసేయలేదు. ఆ ఏడాది ధరకు లక్ష రూపాయలకు వచ్చేది 35 గ్రాములే. కాగితం మీది 40 గ్రాములు చేతికి అందలేదు.

టీవీల కథ కూడా ఇంతే. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలకు ఉచిత మినహాయింపు తీసేసి దాదాపు 36 శాతం సుంకం వేశారు. రూపాయి విలువ పడిపోతున్న రోజులవి. ఆ బోఝ్ గల్ఫ్ నుంచి టీవీ పెట్టె మోసుకొచ్చే వాళ్ల మీద కూడా పడింది.

పూర్తిగా వతన్‌కు మళ్లే వాళ్లకు వేరే రియాయత్ ఉంది. 2016 రూల్స్ ప్రకారం కనీసం రెండేళ్లు బయట ఉన్నవాళ్లు 5 లక్షల రూపాయల దాకా వాడుకున్న ఇంటి సామాన్ తెచ్చుకునే వీలుండేది. అయితే ఆ రెండేళ్లలో చుట్టపుచూపుగా వచ్చి ఉన్న రోజులు ఆరు నెలలు దాటకూడదని షరతు ఉండేది. అంతకుముందు మూడేళ్లలో ఇదే రియాయత్ వాడుకుని ఉండకూడదన్నది ఇంకో షరతు.

సామాన్‌తో రాలేని వాళ్లూ ఉన్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాయి. లక్షకు పైగా హిందుస్తానీలు ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. చాలామంది చేతిలో ఒక్క సంచీ మిగిలింది. తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ పెట్టి, పోయిన ఇంటి సామాన్‌కూ దావా వేసుకునే వీలు కల్పించింది. అలాంటి దావాలో రశీదు, అకామా కాపీ, జీతం కాగితం ఎంతో బలం.

ఈ తారీఖ్ నుంచి మన ఇళ్లు నేర్చుకోవాల్సిన సబక్ ఇదే. కొన్న ప్రతి వస్తువు రశీదు దాచండి. ఇక్కడి నుంచి తీసుకెళ్లే నగలను వెళ్లేటప్పుడే కస్టమ్స్ వాళ్లకు చూపించి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు హద్దు దాటిన సొత్తును దాచకుండా రెడ్ చానల్‌లో చెప్పండి. నిజం చెప్పినవాళ్లు సుంకం కట్టలేకపోతే, ఆ వస్తువును అక్కడే ఉంచి మళ్లీ వెళ్లేటప్పుడు తీసుకోవడానికి 80వ సెక్షన్ దారి చూపుతుంది. దాచి పట్టుబడితే సొత్తు జప్తు అవుతుంది, జుర్మానా కూడా పడుతుంది. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసుకునే ముందు తాజా హద్దులు చూసుకోండి. చదువురాని ఖాలా ఎవరైనా ప్రయాణమవుతుంటే, ఈ నాలుగు మాటలు ఆమెకు చదివి వినిపించండి.